మస్కట్ ఆఫర్ వచ్చింది, నాకేమో డీఎస్సీ ఉద్యోగం కొత్త. వెళ్లాలా, వద్దా?

చంద్రగిరి టీచరమ్మ:

అందరికీ నమస్కారం. ఇంట్లో పది రోజులుగా ఒకటే చర్చ. ఎవరి మాట వాళ్లదే. బయటివాళ్లు, ముఖ్యంగా గల్ఫ్‌లో ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు చెప్తే వినాలని రాస్తున్నా.

మా ఆయన శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో ఏసీ ప్లాంట్ మెయింటెనెన్స్ చూస్తారు. చదివింది డిప్లొమా, చేతిలో పని బాగా ఉంది. తిరుపతి నుంచి కంపెనీ బస్సు. తెల్లారక ముందే బయల్దేరితే ఇల్లు చేరేసరికి పిల్లాడు నిద్రపోయి ఉంటాడు. ఇప్పుడు మస్కట్‌లో ఒక కంపెనీ వాళ్లు సూపర్‌వైజర్‌గా రమ్మంటున్నారు. నెలకు 550 రియాళ్లు. అందులో బేసిక్ 400, ఇంటద్దెకు 150. మెడికల్ ఇన్సూరెన్స్, ఏడాదికోసారి టికెట్ ఆయనకు మాత్రమే. రియాల్ 230 రూపాయలు దాటింది కాబట్టి లక్షా పాతిక వేల పైనే. ఇక్కడ ఆయన చేతికి వచ్చేది యాభై ఎనిమిది వేలు. జులైలో చేరమంటున్నారు.

ఇక నా సంగతి. 2018 డీఎస్సీలో కొద్దిలో పోయింది. ఆ తర్వాత నోటిఫికేషన్ కోసం ఎంతమందిమి ఎన్నేళ్లు ఎదురుచూశామో చూసినవాళ్లకే తెలుసు. ప్రైవేటు స్కూల్లో చాలీచాలని జీతానికి పనిచేస్తూనే చదివాను. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడితే అందులో ఒక ఎస్జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరు పోస్టు నాది. మూల వేతనం 32,670. చేరి ఏడాది కూడా కాలేదు. మా స్కూలు చంద్రగిరి మండలంలోనే, స్కూటీ మీద వెళ్లొస్తాను. ఒకటో తరగతి పిల్లలకు నేనంటే ఎంత చనువంటే, సెలవు పెడితే ఎందుకు రాలేదని మర్నాడు నన్ను నిలదీస్తారు.

అబ్బాయి ఏడో తరగతి. అత్తగారు మాతోనే ఉంటారు. మోకాళ్లు అరిగిపోయాయి, బర్డ్ ఆస్పత్రిలో చూపిస్తున్నాం, ఆపరేషన్ చేయించాలి. పాకాల దగ్గర రెండెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. పక్క ఎకరం అమ్మకానికి వచ్చింది, అది కొనాలని ఆయన కోరిక. తోతాపురికి 2025లో ఫ్యాక్టరీ ఎనిమిది, ప్రభుత్వం నాలుగు కలిపి కిలోకి పన్నెండు రూపాయలు అన్నప్పుడు కూడా ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు ఎన్ని గంటలు క్యూ కట్టాయో అందరం చూశాం. అయినా ఇంకో ఎకరం కావాలట. మగవాళ్లకు భూమి మీద ఆశ ఎందుకు చావదో నాకు అర్థం కాదు.

ఆయన వాదన ఇది: "అందరం పోదాం. ఎండ మనకు కొత్తా? మే నెలలో రేణిగుంట రోడ్డు మీద తిరిగేవాళ్లం. అక్కడ ఇంట్లో ఏసీ, కార్లో ఏసీ, స్కూల్లో ఏసీ." వాళ్ల బంధువు ఒకాయన మస్కట్ నుంచి ఖురుమ్ బీచ్ ఫోటోలు పంపిస్తుంటాడు. నీలం ఆకాశం, తెల్లటి ఇళ్లు, ఈత చెట్లు. అవి చూసి మా వాడు కూడా తండ్రి పక్షమే.

ఎండ నిజంగా మనలాంటిదేనా? 550 రియాళ్లతో నలుగురం బతకగలమా? నా ఉద్యోగానికి సెలవు పెట్టి వెళ్తే ఏమవుతుంది? నాకు డిగ్రీ, బీఈడీ కూడా ఉన్నాయి, అక్కడ దొరుకుతుందా? తెలిసినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

మస్కట్‌లో పుత్తూరోడు:

అక్కా, మాది పుత్తూరు. మస్కట్‌లో అల్ ఖువైర్‌లో ఉంటున్నాం. మీరు చెప్పిన ఫోటోలు నేను కూడా ఇంటికి పంపిస్తుంటా. కానీ అవన్నీ నవంబర్, ఫిబ్రవరి మధ్య తీసినవి. ఆ నాలుగు నెలలు ఇక్కడ స్వర్గం, అబద్ధం లేదు. సాయంత్రం పిల్లలు గ్రౌండ్లలో క్రికెట్ ఆడతారు, శుక్రవారం వస్తే బీచ్‌కో కొండలకో పోతాం. జూన్‌లో తీసిన ఫోటో పంపమని ఆ బంధువును అడగండి.

మన రేణిగుంట ఎండ పొడిగా కొడుతుంది, నీడకు పోతే ప్రాణం లేచొస్తుంది. ఇక్కడ సముద్రం పక్కన ఎండతోపాటు ఉక్క. రాత్రయినా దిగదు. మస్కట్ పక్కన ఖురయ్యాత్ అని ఊరుంది. 2018 జూన్ 26న అక్కడ రోజు మొత్తంలో ఎప్పుడూ 42.6 డిగ్రీల కంటే కిందికి దిగలేదు. పగటి వేడి కాదు నేను చెప్పేది, ఆ రోజుకి అదే కనిష్ఠం. అన్ని రోజులూ అట్లా ఉండవు గానీ, మే నుంచి సెప్టెంబర్ దాకా బతుకు ఏసీ గదిలోనే. ఎండ దేశంలో ఉంటూ విటమిన్ డి మాత్రలు మింగేవాళ్లు మా బిల్డింగ్‌లో ఇంటికి ఒకరున్నారు. బయటికి పోతే కదా ఎండ తగిలేది.

ఇంకొకటి, బావగారి పని ఏసీలది. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు బయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడ చట్టం ఉంది, మంచిదే. కానీ ఏసీ వాడికి ఎండాకాలమే సీజన్. చిల్లర్లు, అంటే బిల్డింగ్ మొత్తాన్ని చల్లబరిచే పెద్ద మెషిన్లు, ఉండేది మేడ మీద. మూడున్నర తర్వాత ఆ మేడ చల్లారిపోదు. సూపర్‌వైజర్ అంటే కుర్చీలో కూర్చునే పనా, మనుషులతో పాటు పైకెక్కే పనా అనేది ముందే అడగండి. జులైలో చేరడమంటే సరిగ్గా మంటలోకి దిగడమే.

డబ్బు సంగతి. మాకు రెండు పడగ్గదుల ఇంటికి 230 రియాళ్లు. రూవీ వైపు కొంచెం తక్కువకు దొరుకుతాయి, ఇరుకు. ఇండియన్ స్కూళ్లు సీబీఎస్ఈ, చదువు బాగుంటుంది, ఫీజు, బస్సు కలిపి మాకు నెలకు అరవై దాకా అవుతోంది. తిండికి నూట ఇరవై. కరెంటు ఎండాకాలంలో బాగా పెరుగుతుంది. కారు లేకుండా ఫ్యామిలీతో ఉండలేరు. మన లైసెన్స్ చెల్లదు, డ్రమ్ముల మధ్య రివర్స్ టెస్ట్, స్లోప్, రోడ్డు అన్నీ పాస్ కావాలి, దానికి వందల రియాళ్లు పోతాయి. ఇవన్నీ పోను 550లో మీకు మిగిలేది అరవై, డెబ్బై. మీ అబ్బాయికి జ్వరం వస్తే అదీ పోతుంది, ఎందుకంటే ఇన్సూరెన్స్ ఆయన ఒక్కరికే అన్నారు.

ఆయన ఒక్కడే వస్తే లెక్క వేరు. షేరింగ్ రూము, మెస్సు, ఫోను కలిపి 150లో గడిచిపోతుంది. 400 ఇంటికి పంపొచ్చు. అంటే తొంభై వేల పైమాట.

మీ ఉద్యోగం గురించి. ఫ్యామిలీ వీసా మీద వచ్చి పని చేయకూడదు. ఏ స్కూలైనా తీసుకుంటే వాళ్లే వర్క్ వీసా ఇవ్వాలి. ఇండియన్ స్కూళ్లలో బీఈడీ ఉన్నవాళ్లను తీసుకుంటారు, కానీ ఇప్పటికే ఇక్కడున్న భార్యలే బోలెడుమంది లైన్లో ఉన్నారు. అత్తగారిని తెచ్చి పెట్టుకోవడం ఇంకా కష్టం. ఫ్యామిలీ వీసా అంటే భార్యా పిల్లలకే.

చెడ్డగా చెప్తున్నానని అనుకోవద్దు. ఒమాన్ వాళ్లు మర్యాదస్తులు, గొడవలు లేవు, రాత్రి పదకొండింటికి ఆడవాళ్లు ధైర్యంగా నడిచి వస్తారు. దర్సైత్‌లో కృష్ణుడి గుడి, పాత మస్కట్‌లో శివాలయం ఉన్నాయి. 2007లో గోను, 2021లో షాహీన్ తుఫాన్లు వచ్చినప్పుడు మాత్రం వాగులు రోడ్ల మీద పారాయి. ఎడారి కదా అని వానను తక్కువగా చూస్తే ప్రమాదం.

రిటైర్డ్ హెచ్ఎం, చిత్తూరు:

అమ్మా, నీ ప్రశ్నలో సర్వీసు భాగం మాత్రమే చెప్తాను. మస్కట్ గురించి నాకు తెలియదు, మా అల్లుడు దుబాయ్‌లో ఉంటాడు కానీ ఆయన మాటలు నేను నమ్మను.

నువ్వు ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నావు. డైరెక్ట్ రిక్రూట్ అయినవాళ్లు మూడేళ్ల వ్యవధిలో రెండేళ్లు డ్యూటీలో ఉండాలి. జీతం లేని సెలవు, అంటే ఈఓఎల్, డ్యూటీ కిందికి రాదు. ఇప్పుడే సెలవు పెట్టి వెళ్తే ఆ లెక్క తెగిపోతుంది, ప్రొబేషన్ ఆగుతుంది, ఇంక్రిమెంట్లు ఆగుతాయి. ముందు ఈ రెండేళ్లు ఎటూ కదలకుండా పూర్తిచెయ్యి, ప్రొబేషన్ పూర్తయిందనే డిక్లరేషన్ ఆర్డర్ కాపీ చేతిలో పెట్టుకో. మా రోజుల్లో ఆ కాగితం ఆఫీసులో కనపడక రిటైర్మెంట్ దాకా తిరిగినవాళ్లు ఉన్నారు.

ఆ తర్వాత కూడా దీర్ఘ సెలవు హక్కు కాదు, మంజూరు చేస్తేనే. వరసగా అయిదేళ్లు దాటితే రాజీనామా చేసినట్టే లెక్క. అనుమతి లేకుండా ఏడాది దాటి రాకపోయినా అంతే. పాస్‌పోర్టుకు, విదేశానికి వెళ్లడానికి శాఖకు ముందే తెలియజేసి అనుమతి తీసుకోవాలి. వేసవి సెలవులే కదా అని చెప్పకుండా వెళ్లొద్దు. తర్వాత ఎవరో ఒకరు ఆకాశరామన్న ఉత్తరం రాస్తారు. స్టాఫ్‌రూముల సంగతి నీకు ఇంకా పూర్తిగా తెలియదు.

సెలవుల విషయంలో ఇంకో చిక్కు చూడు. మనకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా. పైన పుత్తూరు అబ్బాయి చెప్పినదాన్ని బట్టి అక్కడ ఎండ మొదలై ముదిరేది అప్పుడే. నీకు దొరికే పెద్ద సెలవులు అక్కడ పనికిరాని రోజులు. సంక్రాంతి సెలవులు పనికొస్తాయి. వారం పది రోజులే అనుకో, కానీ జనవరి. ప్రొబేషన్ అయ్యాక చైల్డ్ కేర్ లీవు 180 రోజులు ఉంది, విడతలుగా వాడుకోవచ్చు. దాన్ని ఒకేసారి ఖర్చుపెట్టకు, అబ్బాయి పదో తరగతిలో అవసరమవుతుంది.

పలమనేరు పద్మ:

మేడమ్, లెక్కలన్నీ అన్నయ్యలు చెప్పారు. నేను ఇక్కడ ఉండిపోయిన దాన్ని. మా ఇంటాయన కువైట్‌లో డ్రైవరు, మా పెళ్లయినప్పటి నుంచీ అంతే. నెలనెలా డబ్బు వస్తుంది, ఆ విషయంలో ఆయన్ని ఒక్క మాట అనలేను. కానీ ఇంట్లో మోటారు కాలిపోతే నేనే, అత్తకు బీపీ పెరిగితే అర్ధరాత్రి ఆటో నేనే, పిల్లాడు ఎదురు తిరిగితే నేనే. ఆయన వీడియో కాల్‌లో "నేను మాట్లాడతా ఇవ్వు" అంటాడు. వాడు ఫోను తీసుకుని సరే నాన్నా, సరే నాన్నా అంటాడు. పెట్టేశాక మళ్లీ మామూలే.

మీ వాడు ఇప్పుడు ఏడు. ఎనిమిది, తొమ్మిది, పది, ఈ మూడేళ్లు మగపిల్లాడికి తండ్రి అవసరం ఎక్కువ. అసలు మీరు రాసిందే చూడండి, శ్రీసిటీ నుంచి వచ్చేసరికి పిల్లాడు నిద్రపోతాడు అన్నారు. ఆయన పక్కనే ఉండి కూడా లేనట్టే కదా ఇప్పుడు. మస్కట్ కంటే ముందు ఆ బస్సు సంగతి తేల్చండి. ఏర్పేడు, రేణిగుంట దగ్గర కూడా ఫ్యాక్టరీలు ఉన్నాయి. పది వేలు తక్కువైనా సాయంత్రం ఆరింటికి మనిషి ఇంట్లో ఉంటే ఎంత బాగుంటుందో నన్నడగండి.

పోవద్దు అనడం లేదు. పోతే ఎన్నేళ్లో, ఎంత కూడబెట్టి రావాలో పోకముందే కాగితం మీద రాయించుకోండి. మా ఇంటాయన మొదట "ఇల్లు కట్టేదాకా" అన్నాడు, ఆ తర్వాత "పాప పెళ్లిదాకా", ఇప్పుడు ఏమీ అనడం మానేశాడు.

చంద్రగిరి టీచరమ్మ:

అందరికీ చాలా థాంక్స్. పద్మగారూ, మీరు రాసింది ఆయనకు గట్టిగా చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. రేణిగుంటలో ఒకచోట బయోడేటా ఇచ్చారట, నాకు చెప్పకుండానే. వాళ్లు నలభై అయిదు వేలు అంటున్నారు.

పుత్తూరు తమ్ముడి లెక్క మాత్రం మా ఇంట్లో బాంబులా పడింది. ఇక్కడ ఇద్దరి జీతాలు కలిపితే దాదాపు లక్ష, సొంతిల్లు. అందరం కట్టకట్టుకుని వెళ్తే అక్కడ మిగిలేది పదిహేను వేలు. ఇక్కడ ఇప్పుడు మేము నలభై వేలకు పైగా దాచుకుంటున్నాం! ఇంతసేపూ లక్షా పాతిక వేలు అనే మాట ఒక్కటే వినిపించింది. "అందరం" అనే ఆలోచన మానుకున్నాం. ఇప్పుడు మిగిలింది రెండే: ఆయన ఒక్కరే రెండేళ్లు వెళ్లి రావడం, లేకపోతే రేణిగుంట.

ఇంకా కొన్ని అడగాలి. చెన్నై ఏజెంటు సర్వీస్ చార్జి లక్షన్నర అంటున్నాడు, అది మామూలేనా? ఎకరం సంగతి కూడా. ఆయన ఎన్నారై అయితే తోట ఏమవుతుందని మామగారి తమ్ముడు భయపెడుతున్నాడు.

లెక్కలాయన, తిరుపతి:

నేను ట్యాక్స్ ప్రాక్టీసులో ఉన్నాను, తోట విషయం ముందు చెప్తా. ఉన్న వ్యవసాయ భూమి ఎన్నారై అయినా ఆయనదే, ఎవరూ లాక్కోరు. వారసత్వంగా వచ్చినా ఇబ్బంది లేదు. కానీ ఎన్నారై హోదాలో కొత్తగా వ్యవసాయ భూమి కొనకూడదు, ఫెమా, అంటే విదేశీ మారక చట్టం నిబంధన అది. ఏ డబ్బు కోసం వెళ్తున్నారో ఆ డబ్బుతో ఆ ఎకరం తన పేరున కొనలేరన్నమాట. ఆయన వెళ్లకముందే కొనాలి, లేదంటే ఇక్కడే ఉండే మీరు మీ పేరున కొనవచ్చు. మీవారికి ఏది నచ్చుతుందో నాకు తెలియదు గానీ, రెండోదే నాకు బాగుంది.

వెళ్లాక మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే ఎన్నారైల ఇక్కడి డబ్బు ఉంచే ఖాతాగా మార్చాలి. అక్కడి జీతం ఎన్ఆర్ఈ, అంటే విదేశీ సంపాదన దాచుకునే ఖాతాకు పంపిస్తే దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఒమాన్‌లో 2028 నుంచి ఆదాయపు పన్ను వస్తోందని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి, అది ఏడాదికి 42,000 రియాళ్లు దాటిన భాగం మీద అయిదు శాతం. మీవారి ఏడాది జీతం 6,600.

ఏజెంటు విషయం. సర్కారు లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగినది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. మొత్తం 35,400. లక్షన్నర అడిగేవాడికి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో పేరు కొట్టి చూడండి. రసీదు ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి.

మస్కట్‌లో పుత్తూరోడు:

ఏజెంటుకు డబ్బు కట్టక ముందే ఆఫర్ లెటర్ నాకు మెసేజ్ చెయ్యండి అక్కా, ఆ కంపెనీ ఎట్లాంటిదో ఇక్కడ విచారిస్తా. బేసిక్ 400 అని కాంట్రాక్టులో స్పష్టంగా ఉండాలి. 2023 కొత్త కార్మిక చట్టం ప్రకారం పని చేసిన ప్రతి ఏడాదికి ఒక నెల బేసిక్ గ్రాట్యుటీ ఇవ్వాలి. కొందరు బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచి చూపిస్తారు, గ్రాట్యుటీ దగ్గర దెబ్బ తగులుతుంది. మెడికల్ టెస్టు వాఫిద్ అనే గల్ఫ్ దేశాల ఆన్‌లైన్ పద్ధతిలో వాళ్లు కేటాయించిన సెంటర్‌లోనే చేయించాలి. ఛాతీ ఎక్స్‌రేలో పాత మచ్చ ఉన్నా అన్‌ఫిట్ కొట్టేస్తారు, కాబట్టి ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేది ఆ రిపోర్టు వచ్చాకే.

చేరే నెల కూడా మార్చమని అడగండి. నోటీసు పీరియడ్ ఉందని చెప్పి అక్టోబర్ అంటే మేలు, ఎండ దిగుతుంది. మేడ మీద పని నేర్చుకునేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

లెక్కలాయన, తిరుపతి:

అక్టోబర్ వద్దు. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఏడాదిలో ఆయన ఇండియాలో 182 రోజులు ఉంటే పన్ను లెక్కలో ఇక్కడి రెసిడెంటే, అప్పుడు ఆ ఏడాది మస్కట్ జీతం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. సెప్టెంబర్ మొదటి వారంలో విమానం ఎక్కితే 158 రోజులకు అటూఇటూ అవుతుంది, ఎండా కొంచెం తగ్గుతుంది, అత్తగారి ఆపరేషన్‌కు కూడా ఆగస్టు దాకా టైము దొరుకుతుంది. మిగిలిన ఇరవై చిల్లర రోజులు అత్యవసరానికి ఉంచుకోండి. సంక్రాంతికి ఆయన్ని ఇక్కడికి రమ్మనకుండా, అనుమతి తీసుకుని మీరూ అబ్బాయీ అక్కడికి వెళ్లండి.